2.20 ఎకరాలు: ఒక పరిశోధన బృందం తన డేటాను ఎందుకు ఇవ్వలేదు, చివరికి ఎలా ఇచ్చింది

నేపథ్యం

నేను ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పరిశోధన డేటా సేవల బాధ్యత చూస్తున్నాను. ప్రాజెక్టు ముగిశాక పరిశోధకులు తమ డేటాను భద్రపరచుకోవడానికి, వీలైనంత మేర ఇతరులకు అందుబాటులో ఉంచడానికి సహాయపడడం ఈ పని. ఇక్కడ రాస్తున్న కేసు కొన్నేళ్ల కిందటిది. ప్రధాన పరిశోధకురాలి అనుమతి తీసుకుని, ఆమె చదివి సరిదిద్దిన తర్వాతే దీన్ని బయటపెడుతున్నాను. సంస్థ, జిల్లాలు, పత్రిక, నిధులిచ్చిన ఏజెన్సీ వివరాలు వదిలేశాను. గుర్తుపట్టడానికి వీలున్న ఒకటి రెండు చిన్న విషయాలను కేసు అర్థం చెడకుండా మార్చాను.

ప్రాజెక్టు కౌలు రైతుల గురించినది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న కొన్ని గ్రామాల్లో 600కు పైగా కుటుంబాల నుంచి మూడేళ్లపాటు సాగు ఖర్చులు, కౌలు, అప్పులు, బోర్ల వివరాలు సేకరించారు. ఆరుగురు ఇన్వెస్టిగేటర్లు ఊళ్లు తిరిగి షెడ్యూళ్లు, అంటే ప్రశ్నావళి కాగితాలు, నింపారు. ఒక పీహెచ్‌డీ స్కాలర్ వాటిని ఎక్సెల్‌లోకి ఎక్కించి, శుభ్రం చేసి, విశ్లేషణకు సిద్ధం చేశాడు. ప్రాజెక్టు నుంచి ఒక పరిశోధన వ్యాసం వెలువడింది. దాని చివర, చాలా వ్యాసాల్లో కనిపించేలాగే, సహేతుకంగా అడిగినవారికి డేటా ఇస్తామన్న వాక్యం ఉంది.

సమస్య మా దగ్గరికి వచ్చిన తీరు

మరో రాష్ట్రంలోని ఒక యువ పరిశోధకుడు ఆ డేటా కోసం రెండుసార్లు ఈమెయిల్ రాశాడు. సమాధానం రాలేదు. మూడోసారి పత్రిక సంపాదకులకే రాశాడు. సంపాదకులు ప్రధాన పరిశోధకురాలిని వివరణ అడిగారు, ఆమె ఆ ఉత్తరాన్ని డీన్ కార్యాలయానికి పంపారు, డీన్ కార్యాలయం మాకు పంపింది. మా చేతికి వచ్చేసరికి అది ఒక ఫిర్యాదు రూపం దాల్చి ఉంది. ఫిర్యాదుగా మొదలైన సంభాషణలో అవతలివారు ముందు తమను తాము కాపాడుకుంటారు. ఆ తర్వాత జరిగిన చాలా పొరపాట్లకు మూలం ఇక్కడే ఉందని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఆమె ప్రవర్తన అసాధారణమేమీ కాదని ఇక్కడే చెప్పాలి. అడిగితే డేటా ఇస్తామని రాసిన 1,792 వ్యాసాల రచయితలను నిజంగానే అడిగి చూసిన ఒక అధ్యయనం 2022లో ప్రచురితమైంది. డేటా ఇచ్చినవారు 122 మంది. మిగిలినవారిలో ఎక్కువమంది జవాబే రాయలేదు, కొందరు కుదరదన్నారు. కాబట్టి ఒక వ్యక్తి మొండితనమనే కోణంలో ఈ కేసును చూడకూడదని ముందే నిర్ణయించుకున్నాను.

మొదటి సమావేశంలో ఆమె మూడు కారణాలు చెప్పారు. స్కాలర్ థీసిస్‌లో అప్పుల మీద ఒక అధ్యాయం ఇంకా మిగిలి ఉంది. రైతులకు గోప్యత హామీ ఇచ్చారు. ఊళ్ల సంగతి తెలియనివారు ఈ అంకెలను తప్పుగా అర్థం చేసుకుంటారు. మూడూ నిజమైన కారణాలే. అయితే ఆమె వాటిని ఒకే ఊపిరిలో, ఒకే బరువుతో చెప్పారు. దేనికి పరిష్కారం సూచించినా సంభాషణ మిగతా రెండింటిలో ఒకదానిపైకి జారిపోయేది.

ప్రయత్నించినవి, ఫలించనివి

మొదట నేను లాభం గురించి మాట్లాడాను. కేన్సర్ మైక్రోఅర్రే (వేల జన్యువుల పనితీరును ఒకేసారి కొలిచే పద్ధతి) అధ్యయనాల్లో డేటాను బహిరంగంగా ఉంచిన వ్యాసాలకు దాదాపు 69 శాతం ఎక్కువ ఉదహరింపులు (సైటేషన్లు) వచ్చాయని 2007లో వెలువడిన ఒక పరిశీలన ఉంది. దాన్ని చూపించాను. ఆమె ఓపికగా విని, తన పదోన్నతి దరఖాస్తు నమూనాను నా ముందు పెట్టారు. యూజీసీ 2018 నిబంధనల పట్టికలో పరిశోధన వ్యాసాలకు, పుస్తకాలకు, పరిశోధన మార్గదర్శకత్వానికి, పేటెంట్లకు మార్కులున్నాయి. డేటాసెట్ అనే వరుస లేదు. ఫైల్‌ను ఇతరులు వాడుకునేలా తయారు చేయడానికి కనీసం రెండు నెలలు పడుతుంది, ఆ రెండు నెలల్లో మరో వ్యాసం రాస్తే దానికి మార్కులొస్తాయి. ఆమె లెక్కలో తప్పు లేదు. నేను తీసుకెళ్లిన అంకె వేరే రంగానిది, వేరే దేశాల వ్యవస్థది. దాన్ని ఈమె ముందు వాదనగా పెట్టడం నా తొందరపాటు.

రెండో ప్రయత్నం నియమం. నిధులిచ్చిన ఏజెన్సీ షరతుల్లో, ప్రాజెక్టు ముగిసిన ఏడాదిలోపు డేటాను జమ చేయాలన్న మాట ఉంది. ఆ షరతును ఉటంకిస్తూ గడువు పెట్టి ఒక అధికారిక లేఖ పంపించాం. అప్పుడు నా ఆలోచన ఇలా సాగింది: గడువు ఉంటే పని మొదలవుతుంది, పని మొదలైతే సమస్యలు పైకి వస్తాయి, పైకి వచ్చినవాటిని ఒక్కొక్కటిగా తీర్చవచ్చు.

గడువు రోజున ఫైల్ వచ్చింది. డేటాను భద్రపరిచి అందించే మా ఆన్‌లైన్ రిపాజిటరీలో అది నేరుగా ప్రచురితమయ్యే ఏర్పాటు ఉండేది. అందులో 200కు పైగా నిలువు వరుసలు ఉన్నాయి. వాటి పేర్లు వి1, వి2, వి3 అంటూ సాగాయి. ఏ వరుసకు అర్థమేమిటో చెప్పే కోడ్‌బుక్ లేదు. రైతుల పేర్లు తీసేశారు కానీ గ్రామం పేరు, భూమి సర్వే నంబరు అలాగే ఉండిపోయాయి. సర్వే నంబరు తెలిస్తే పట్టాదారు ఎవరో ఆ ఊళ్లో ఎవరైనా చెప్పగలరు. పట్టాదారు తెలిస్తే కౌలుదారు ఎవరో చెప్పడం కష్టం కాదు.

ఈ ప్రమాదం ఎంతటిదో కౌలు గురించి తెలిసినవారికి వివరించనక్కరలేదు. ఇక్కడ కౌలు చాలావరకు నోటిమాట. తెలంగాణ ప్రాంతంలో 1950 నాటి కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు హక్కులు కల్పించిన చరిత్ర ఉంది. కౌలు ఎక్కడ కాగితం మీదకు ఎక్కినా భూమి చేజారుతుందేమోనన్న భయం యజమానుల్లో తరాలుగా ఉంది. 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారు ఖాతాలోకే వెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద సాగుదారు హక్కు పత్రం రావాలంటే యజమాని సంతకం కావాలి. సంతకం పెట్టడానికి వెనకాడే యజమాని, తన సర్వే నంబరు పక్కన కౌలుదారు వివరాలు, కౌలు మొత్తం ఒక బహిరంగ ఫైల్‌లో కనిపిస్తే ఏం చేస్తాడు? వచ్చే సీజన్‌కు కౌలుదారును మారుస్తాడు. నష్టం పరిశోధకులకు కాదు, మనల్ని కూర్చోబెట్టి వివరాలు చెప్పిన కుటుంబానికి.

ఫైల్‌ను రెండో రోజున ఉపసంహరించాం. ఆ చిరునామాలో ఉపసంహరణ నోటీసు మాత్రమే మిగిలింది. సర్వర్ లాగ్ చూస్తే ఎవరూ దించుకోలేదని తేలింది. లాగ్ చేతికి వచ్చేవరకు గడిచిన ఆ మధ్యాహ్నం నాకింకా గుర్తుంది. లేఖ పంపాలన్న నిర్ణయం నాది. ఒత్తిడి పెడితే ఫైల్ వస్తుంది. ఆ ఫైల్‌లో ఏముందో చూసుకునే తీరిక మాత్రం ఆ ఒత్తిడే మిగల్చదు. అప్పటి నుంచి మా రిపాజిటరీలో మనిషి చూడకుండా ఏ ఫైలూ ప్రచురితం కాదు.

మలుపు

దీని తర్వాత మా మధ్య కొంతకాలం మాటలు తగ్గాయి. మళ్లీ మొదలవ్వడానికి కారణం ఒక పాత సంగతి. ఆమె తన పీహెచ్‌డీలో, హైదరాబాద్ దగ్గరున్న అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ గ్రామస్థాయి అధ్యయనాల డేటాను వాడుకున్నారు. 1975లో మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరుతో పాటు మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాల గ్రామాల్లో మొదలైన అధ్యయనాలవి. ఇన్వెస్టిగేటర్లు ఆ ఊళ్లలోనే నివాసముండి, ఒకే కుటుంబాల వివరాలను ఏళ్ల తరబడి సేకరించారు. ఆ డేటాను సంస్థ బయటివారికి ఇవ్వడం వల్లనే ప్రపంచంలోని ఎందరో అర్థశాస్త్రవేత్తలు పేద రైతు కుటుంబాలు కరువును, నష్టాన్ని ఎలా తట్టుకుంటాయో రాయగలిగారు. ఆ ఫైళ్లు వాడేటప్పుడు మీకు దేని అవసరం ఎక్కువగా పడింది అని అడిగాను. ఆమె వెంటనే చెప్పారు: అంకెల కంటే ముందు, ఆ అంకెను ఎలా అడిగి రాసుకున్నారో చెప్పే వివరణ.

ఆ మాట పట్టుకుని పద్ధతి మార్చాను. డేటా ఇస్తారా అని అడగడం మానేశాను. ఆమె, స్కాలర్, నేను ముగ్గురం వారానికి ఒక మధ్యాహ్నం కూర్చుని, ఫైల్‌లో ఒక్కో వరుసను తెరిచి, ఇది బయటికి వెళితే మర్నాడు ఏం జరుగుతుంది అన్న ఒకే ప్రశ్న వేసుకుందామని ప్రతిపాదించాను. మొత్తం ఫైల్ గురించి అడిగితే జవాబు సిద్ధాంతంగా ఉంటుంది. ఒక్క వరుస గురించి అడిగితే జవాబు వస్తువంత స్పష్టంగా ఉంటుంది. ఈ పద్ధతి ఎంచుకోవడానికి కారణం ఇదే.

మొదటి రెండు వారాలు సాఫీగా నడిచాయి. వడ్డీ వరుస దగ్గర అందరం ఆగాం. అందులో బ్యాంకు పంట రుణాల ఎదుట 7 అని, ప్రైవేటు అప్పుల ఎదుట 2, 3 అని ఉంది. ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. ఈ మాట తెలియని పరిశోధకుడు ఆ వరుసను చూస్తే వడ్డీ వ్యాపారి అప్పు బ్యాంకు అప్పు కంటే చౌక అని నిర్ధారణకు వస్తాడు. తప్పుగా అర్థం చేసుకుంటారన్న ఆమె మూడో కారణం ఎంత నిజమో నాకు అప్పుడు అర్థమైంది. దాని మందు కోడ్‌బుక్‌లో ఒక్క వాక్యమేనని ఆమెకూ అనిపించింది.

మూడో వారం భూమి విస్తీర్ణం వరుస తెరిచాం. అందులో 2.2 అని ఉంది. ఇది రెండుంపావు కంటే తక్కువా, రెండున్నరా అని నేను అమాయకంగా అడిగాను. ఇద్దరూ వెంటనే జవాబివ్వలేదు.

తెలంగాణ ఊళ్లో రైతు 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. ఆంధ్ర ఊళ్లో అదే 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. ఎకరానికి 100 సెంట్లు కాబట్టి అది 2.2 ఎకరాలే. ఆరుగురు ఇన్వెస్టిగేటర్లలో కొందరు తెలంగాణ గ్రామాల్లో గుంటలను దశాంశంలోకి మార్చి రాశారు, కొందరు విన్నది విన్నట్టు రాశారు. పైగా ఎక్సెల్ చివరి సున్నాను మింగేసి 2.20ని 2.2గా చూపిస్తోంది. దాంతో అది రెండెకరాల రెండు గుంటలో, ఇరవై గుంటలో కూడా తెలియకుండా పోయింది. ఎకరానికి కౌలు, ఎకరానికి ఖర్చు, ఎకరానికి అప్పు అంటూ వ్యాసంలో ఉన్న ప్రతి లెక్కా ఈ వరుసతోనే భాగించి వచ్చింది.

కాసేపటికి స్కాలర్, “మేడమ్, ఇది నేను పేపర్ వెళ్లిపోయాక చూశాను, చెప్పడానికి ధైర్యం చాల్లేదు” అన్నాడు. ఆమె కోప్పడలేదు. తనకూ రెండు పట్టికల దగ్గర అనుమానం వచ్చిందనీ, తిరిగి చూసే ధైర్యం తనకూ చాల్లేదనీ నెమ్మదిగా చెప్పారు.

ఆరు నెలలుగా మేం తిరుగుతున్న మూడు కారణాల వెనక ఉన్న నాలుగోది ఇది. డేటా ఇవ్వకపోవడానికి సమయం లేకపోవడాన్ని, నిధులు లేకపోవడాన్ని పరిశోధకులు ఎక్కువగా చెబుతారని సర్వేలు చూపుతాయి. 2011లో 1,300 మందికి పైగా శాస్త్రవేత్తలు పాల్గొన్న ఒక సర్వేలో కూడా మొదటి రెండు స్థానాలు వాటివే. ఆ జవాబులు అబద్ధమని నేననను. కానీ తన ఫైల్‌లో తప్పు ఉండవచ్చన్న భయాన్ని సర్వే పత్రంలో టిక్కు పెట్టి ఒప్పుకోవడం ఎవరికైనా కష్టం. గైడ్‌కూ స్కాలర్‌కూ మధ్య ఉన్న దూరం ఆ భయాన్ని రెట్టింపు చేస్తుంది. ఇద్దరూ ఒకే తప్పును విడివిడిగా మోస్తూ, ఒకరి నుంచి ఒకరు దాచుకున్నారు.

ఫలించినవి

ముందు తప్పును సరిచేయాలి, ఆ తర్వాతే పంచుకోవడం గురించి మాట్లాడాలి అని తేల్చుకున్నాం. అసలు షెడ్యూళ్లు విభాగంలోని ఒక బీరువాలో భద్రంగా ఉండడం అదృష్టం. పాత వ్యాసాల డేటా ఎంతవరకు దొరుకుతుందో 516 వ్యాసాల మీద పరిశీలించి 2014లో వెలువరించిన ఒక అధ్యయనం, డేటా మిగిలి ఉండే అవకాశాల నిష్పత్తి ఏటా 17 శాతం చొప్పున పడిపోతుందని చెప్పింది. మరో అయిదేళ్లు ఆగి ఉంటే ఆ బీరువా గది మారేదో, కాగితాలు పాత సామాను కిందకు పోయేవో తెలియదు.

అన్ని షెడ్యూళ్లనూ తిరిగి చూడడం అనవసరమని స్కాలర్ ఒక చక్కని తర్కం చెప్పాడు. గుంటలు 39 దాటవు కాబట్టి తెలంగాణ గ్రామాల్లో దశాంశం తర్వాత రెండు అంకెలుండి, అవి .40 కన్నా పెద్దవైతే, అది గుంటలు కావడానికి వీల్లేదు, అప్పటికే మార్చి రాసిందే. అనుమానం మిగిలేది అంతకంటే చిన్నవాటి దగ్గర, ఒకే అంకె మిగిలినవాటి దగ్గరే. వాటి షెడ్యూళ్లను మాత్రమే బయటికి తీసి, పాత ఇన్వెస్టిగేటర్లలో ఇద్దరిని పిలిపించి, ఒక్కో కాగితం చూపించి, ఇది నువ్వు ఎలా రాశావని అడిగి సరిచేశాం. వారి దినభత్యం గ్రంథాలయం భరించింది. ఈ ఖర్చును సమర్థించుకోవడానికి నేను చాలా వివరణ ఇవ్వాల్సి వచ్చింది, కానీ ఈ కేసులో మేం పెట్టిన అతి విలువైన ఖర్చు అదే. ఆమెకు అవసరమైందల్లా రెండు జతల చేతులు. నేను ఆరు నెలలు ఆమెకు ఉపన్యాసాలు ఇచ్చాను.

సరిచేసిన ఫైల్‌తో లెక్కలు మళ్లీ నడిపితే ఒక పట్టికలో ఎకరం కౌలు సగటు మారింది. వ్యాసం ప్రధాన నిర్ధారణ నిలిచింది. పత్రికకు దిద్దుబాటు పంపాలా అన్న దగ్గర ఆమె రెండు రోజులు ఆలోచించి, తనే ముసాయిదా రాశారు. పత్రిక దాన్ని ఏ వ్యాఖ్యా లేకుండా ప్రచురించింది. ఇన్నాళ్లూ భయపడిన సంఘటన అర పేజీలో ముగిసింది.

తర్వాత గోప్యత. సమ్మతి పత్రంలో, “మీరు చెప్పిన వివరాలు మా బృందం దాటి బయటికి పోవు” అని ఉంది. పాత ప్రాజెక్టు పత్రం నుంచి అలవాటుగా ఎత్తి రాసిన వాక్యమది. పేర్లు తీసేస్తే ఆ హామీ నిలబడినట్టేనని కొందరు సహోద్యోగులు అన్నారు. నేను ఒప్పుకోలేదు. యాభై గడపల ఊళ్లో, మూడు బోర్లు ఎండిపోయిన ఏకైక మహిళా కౌలుదారును గుర్తించడానికి పేరు అక్కర్లేదు. పైగా విన్న రైతు ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టే నమ్మాడు. ఎథిక్స్ కమిటీ ముందు రెండు మార్గాలూ పెట్టాం. తిరిగి ఊళ్లకు వెళ్లి అడగాలని కమిటీ చెప్పింది.

వెళ్లాం. దొరికిన కుటుంబాల్లో ఎక్కువమంది ఒప్పుకున్నారు. తమ పేరు, భూమి యజమాని పేరు, ఊరి పేరు రాకపోతే చాలన్నారు. కొందరు వద్దన్నారు, వారి వివరాలు తీసేశాం. చాలామంది అడిగిన ప్రశ్న మాత్రం వేరు: మూడేళ్లు రాసుకుపోయారు కదా, ఏం తేలిందో మాకెందుకు చెప్పలేదు? డేటా పంచుకోవడమంటే పరిశోధకుల మధ్య వ్యవహారమనే అనుకుంటూ వచ్చిన నాకు దీనికి జవాబు దొరకలేదు. ఆ తర్వాత ఊరివారీగా కౌలు, ఖర్చు సగటులతో తెలుగులో ఒక కాగితం తయారుచేసి పంచాం.

ఫైల్‌ను మూడు పొరలుగా విడదీశాం. అందరికీ తెరిచి ఉంచిన పొరలో గ్రామాల స్థానంలో సంకేతాలు, విస్తీర్ణం స్థానంలో శ్రేణులు ఉన్నాయి. సర్వే నంబర్లు లేవు. ఒప్పందం మీద ఇచ్చే పొరలో కచ్చితమైన విస్తీర్ణం, కౌలు మొత్తం ఉంటాయి. పేర్లు, సర్వే నంబర్లు ఎవరికీ ఇవ్వం. అప్పుల వరుసలకు మాత్రం స్కాలర్ అధ్యాయం కోసం 18 నెలల గడువు పెట్టాం. మొదటి కారణానికి కావలసింది అంతే. ఇరవై వరుసల కోసం 200 వరుసలు ఆగిపోయి ఉన్నాయి. డేటాసెట్ రూపకర్తల్లో స్కాలర్ పేరు మొదట వచ్చింది, ఇష్టపడిన ఇన్వెస్టిగేటర్ల పేర్లు అతని తర్వాత వచ్చాయి.

నేర్చుకున్నవి, తేలనివి

మొదట చెప్పే కారణం సాధారణంగా చెప్పడానికి సులువైన కారణం. దాన్ని అబద్ధమని కొట్టిపారేస్తే అసలు కారణం ఎప్పటికీ బయటికి రాదు. దాన్ని గౌరవించి, ఏ వరుసకు వర్తిస్తుందో చూస్తూ పోతే మిగిలినవి వాటంతట అవే కనిపిస్తాయి. ఈ కేసు తర్వాత నేను తప్పు దొరికితే ఏం చేస్తామన్న విషయాన్ని మొదటి సమావేశంలోనే మాట్లాడుతున్నాను. దిద్దుబాటు ఎలా పంపాలో, అందుకు మేం ఏ సాయం చేస్తామో ముందే చెబితే, ఎదుటివారి భుజాలు కొంచెం కిందకు దిగడం చూశాను.

ఒక విషయంలో ఆమెకూ నాకూ ఇంకా ఏకాభిప్రాయం లేదు. రెండోసారి ఊళ్లకు వెళ్లినప్పుడు కొన్ని కుటుంబాలు దొరకలేదు. కౌలు పోయి, అప్పు తీరక, వలస వెళ్లినవారే వారిలో ఎక్కువ. సమ్మతి లేదు కాబట్టి వారి వివరాలు పంచుకున్న ఫైల్‌లో లేవు. ఫలితంగా ఆ ఫైల్ చూసినవారికి కౌలు రైతు పరిస్థితి వాస్తవం కంటే కాస్త మెరుగ్గా కనిపిస్తుంది, వ్యాసంలోని అంకెలూ అందులోంచి అచ్చుగుద్దినట్టు రావు. అన్నింటికంటే ఎక్కువ నష్టపోయినవారినే మనం కనబడకుండా చేశామని ఆమె బాధ. ఇచ్చిన మాటను, మాట తీసుకున్నవారు కనబడడం లేదన్న కారణంతో మార్చుకోలేమని నా వాదన. ప్రస్తుతానికి ఈ తేడాను కోడ్‌బుక్ మొదటి పేజీలోనే రాసి, పూర్తి ఫైల్ మీద లెక్క కావలసినవారు తమ విశ్లేషణ కోడ్ (కంప్యూటర్ ప్రోగ్రామ్) పంపితే మేమే నడిపి ఫలితం పంపే ఏర్పాటు చేశాం. ఇది సర్దుబాటే, పరిష్కారం కాదు.

మొదట అడిగిన యువ పరిశోధకుడు ఒప్పందం మీద సంతకం చేసి ఫైల్ తీసుకున్నాడు. అప్పుల వరుసలకు గడువు తీరాక వాటినీ తీసుకున్నాడు. ఆమె కొత్త ప్రాజెక్టు షెడ్యూల్ కిందటి నెల నా పరిశీలనకు వచ్చింది. సమ్మతి పత్రంలో వివరాలు ఎవరికి, ఏ రూపంలో చేరతాయో నాలుగు వాక్యాల్లో, రైతుకు చదివి వినిపించే భాషలో ఉంది. విస్తీర్ణం దగ్గర ఇప్పుడు మూడు గడులున్నాయి: ఎకరాలకు ఒకటి, గుంటలకు ఒకటి, సెంట్లకు ఒకటి.